సైనికుల భార్యలు కలిసి పాడుకునే బృందం: వరంగల్ ప్రాంతంలో ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలుపుకోవాలి

సైన్యంలో జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. అయితే ఫీల్డ్ పోస్టింగులో, అంటే కుటుంబాన్ని వెంట తీసుకెళ్లలేని చోట, ఉన్నవారికి అవి ఏ నెలలో దొరుకుతాయో ముందుగా చెప్పగలిగినవారు ఉండరు. కాజీపేట జంక్షన్‌లో భర్తను ఢిల్లీ వైపు వెళ్లే బండి ఎక్కించి ఊరికి తిరిగి వచ్చిన ఇల్లాలి మీద అత్తమామల ఆరోగ్యం, పిల్లల చదువు, పొలం, బ్యాంకు పనులు అన్నీ ఒక్కసారిగా పడతాయి. వాటి వెనుక ఉన్న బెంగను ఆమె ఫోనులో భర్తకు చెప్పదు, ఎందుకంటే అక్కడ ఆయన మనసు చెదరకూడదు. ఇంట్లో అత్తకూ చెప్పదు, ఎందుకంటే ఆ తల్లికీ అదే బెంగ ఉంటుంది.

కంటోన్మెంటులో, అంటే సైనిక నివాస ప్రాంతంలో, ఉండే కుటుంబాలకు 1966లో ఏర్పడిన 'ఆవా' (ఆర్మీ వైవ్స్ వెల్ఫేర్ అసోసియేషన్) వంటి సంక్షేమ సంఘాల కార్యక్రమాలు కొంత ఆసరాగా ఉంటాయి. వరంగల్‌లో కంటోన్మెంటు లేదు. ఇక్కడి సైనిక కుటుంబాలు పరకాల, నర్సంపేట, హుజూరాబాద్, హుస్నాబాద్, జనగామ చుట్టుపక్కల ఊళ్లలో ఒక్కో ఇల్లుగా చెదిరి ఉన్నాయి. ఒకే ఊళ్లో ఇద్దరు సైనికుల భార్యలు ఉన్నా, ఒకరి పరిస్థితి మరొకరికి తెలియకుండానే ఏళ్లు గడిచిపోవచ్చు. అలాంటివారిని వారానికో పదిహేను రోజులకో ఒకచోట కూర్చోబెట్టి పాడించే బృందాన్ని ఎలా ఏర్పాటు చేసుకోవాలో ఈ మార్గదర్శి వివరిస్తుంది.

పాటే ఎందుకు అన్న ప్రశ్నకు ముందు సమాధానం చెప్పుకోవాలి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్తగా చేరిన పెద్దవారి పాటల తరగతులను చేతిపనుల తరగతులతోనూ రచనా తరగతులతోనూ ఏడు నెలల పాటు పోల్చి చూశారు. చివరికి అన్ని తరగతుల్లోనూ సాన్నిహిత్యం ఏర్పడింది కానీ, పాడినవారి మధ్య అది మిగతావారికంటే చాలా త్వరగా ఏర్పడింది. ఎప్పుడు బదిలీ అయి వెళ్లిపోవలసి వస్తుందో తెలియని సైనికుల భార్యలకు ఈ త్వరితగతి ఎంతో ముఖ్యం. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు 2013లో మరొక విషయాన్ని గమనించారు. ఒకే పాటను కలిసి పాడేవారి శ్వాస ఒకే లయలోకి వస్తుంది, దానితో పాటు గుండె వేగంలోని హెచ్చుతగ్గులు కూడా ఒకదానితో ఒకటి కలుస్తాయి. దీర్ఘంగా ఊపిరి వదిలినప్పుడు గుండె వేగం తగ్గుతుంది. పాడటమంటే దీర్ఘంగా, క్రమంగా ఊపిరి వదలడమే.

మన ప్రాంతానికి మరొక అనుకూలత కూడా ఉంది. బతుకమ్మ పాటైనా, నాట్ల పాటైనా, భజన అయినా ఒకరు ఎత్తుకుంటే మిగతావారు అందుకునే పద్ధతి ఇక్కడి ఆడవారికి చిన్ననాటి నుంచే అలవాటు. బృందాన్ని ఈ పద్ధతి మీదనే నిర్మించాలన్నది నా గట్టి అభిప్రాయం. ఎత్తుకున్నామె గొంతు మధ్యలో పూడుకుపోయినా, చుట్టూ ఉన్నవారు అందుకోవడంతో పాట ఆగదు. ఆమె ఏడ్చిందన్న విషయాన్ని ఎవరూ ప్రస్తావించనవసరం లేకుండానే ఆమెకు ఆసరా దొరుకుతుంది.

ఎవరిని పిలవాలి

మొదట ఐదారుగురు చాలు. పదిహేను మంది దాటితే కొత్తవారు వెనుక వరుసలో మాట్లాడకుండా ఉండిపోతారు కాబట్టి, అప్పుడు రెండో ఊళ్లో మరో బృందం పెట్టుకోవడం మంచిది. కుటుంబాలను వెతకడానికి మూడు దారులున్నాయి: జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, మిలిటరీ క్యాంటీన్‌కు వచ్చే మాజీ సైనికులు, ఊళ్లోని మహిళా సంఘాల లీడర్లు. మూడో దారే అన్నిటికంటే త్వరగా ఫలిస్తుంది, ఎందుకంటే ఏ ఇంటి కొడుకు ఎక్కడ పనిచేస్తున్నాడో సంఘం మీటింగులో అందరికీ తెలిసే ఉంటుంది. కార్యాలయంవారు ఇతరుల చిరునామాలు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మీ పేరు, ఫోను నంబరు రాసిన కాగితం అక్కడ ఇచ్చి, ఆసక్తి ఉన్నవారికి అందించమని కోరితే సరిపోతుంది.

సైన్యం, నౌకాదళం, వాయుసేన కుటుంబాలకే పరిమితం కావద్దు. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ వంటి కేంద్ర బలగాల్లో పనిచేసేవారి భార్యలు కూడా అదే ఒంటరితనంలో ఉంటారు, పైగా మాజీ సైనికులకు ఉన్న సంక్షేమ ఏర్పాట్లన్నీ వారికి వర్తించవు. అధికారి భార్య, జవాను భార్య అన్న తేడా బృందంలోకి రాకూడదు. 'మేడమ్' అన్న పిలుపును మొదటి రోజే పక్కనబెట్టి, వయసును బట్టి అక్క, చెల్లె, వదిన అని పిలుచుకోవాలని ముందుగా అనుకోవాలి.

ఇంటి సమ్మతి, చోటు, వేళ

ఊళ్లలో ఈ బృందం నిలుస్తుందా లేదా అన్నది చాలావరకు అత్తల మీద ఆధారపడి ఉంటుంది. కోడలిని నేరుగా పిలిచి వచ్చేయమనడం కంటే ఇంటికి వెళ్లి అత్తతో మాట్లాడటం మర్యాద, పని జరిగే దారి కూడా అదే. "అత్తమ్మా, ఆదివారం పగటి పూట రెండు గంటలు కోడలిని పంపుండ్రి. మీరు గూడ రాండ్రి, మాకు పాత పాటలు ఎవలు చెప్తరు?" అని అడిగితే కాదనే ఇల్లు అరుదు. ఇది పైపై మాటగా ఉండకూడదు. పాత నాట్ల పాటలు, ఇసురురాయి పాటలు, అప్పగింతల పాటలు ఆ తరం దగ్గరే ఉన్నాయి, కొడుకు మీది బెంగ కూడా వారికి తక్కువేమీ కాదు. అయితే నెలలో ఒక సమావేశాన్నైనా కోడళ్లకు మాత్రమే ఉంచాలి, ఎందుకంటే అత్త ఎదుట కోడలు నోరు విప్పలేని సంగతులు ఉంటాయి.

చోటు విషయంలో మహిళా సమాఖ్య భవనం, పాఠశాల గది, ఎవరైనా ఒకరి ఇంటి వసారా, ఈ మూడింటిలో ఏదైనా సరిపోతుంది. గుడి మండపం సులభంగా దొరుకుతుంది కానీ, ముస్లిం, క్రైస్తవ కుటుంబాల నుంచి కూడా సైన్యానికి వెళ్లినవారు ఉన్నారు, వారి భార్యలు గడప దగ్గరే ఆగిపోయే చోటును ఎంచుకోకూడదు. చెప్పులు విడిచి చాప మీద గుండ్రంగా కూర్చునే వీలు ఉండాలి. చిన్నపిల్లలను వెంట తెచ్చుకోనివ్వాలి, వారు అల్లరి చేసినా సరే.

వేళను పంటల క్యాలెండరును చూసి పెట్టుకోవాలి. వానాకాలం నాట్లు పడే జూలై, ఆగస్టు నెలల్లోనూ, పత్తి ఏరే రోజుల్లోనూ, యాసంగి నాట్ల సమయంలోనూ పదిహేను రోజులకు ఒకసారి కలవడమే సాధ్యమవుతుంది. మిగతా నెలల్లో వారానికి ఒకసారి కలవవచ్చు. రోజు మాత్రం మారకూడదు. సాయంత్రాలు వద్దు, చాలామంది భర్తలు ఫోను చేసేది ఆ సమయంలోనే.

మొదటి సమావేశం

గంటన్నర సరిపోతుంది. పరిచయాల్లో పేరు, ఊరు, పిల్లలు అన్న మూడు విషయాలే అడగాలి. భర్త ఏ యూనిట్, ఎక్కడున్నాడు అన్న ప్రశ్నలు మొదటి రోజే కాదు, ఎప్పుడూ వద్దు; కారణం భద్రత గురించి చెప్పేచోట వస్తుంది.

తర్వాత పది నిమిషాలు శ్వాస, గొంతు సర్దుకోవడం. వీపు నిటారుగా పెట్టి, నాలుగు లెక్కపెట్టే వరకు ముక్కుతో గాలి పీల్చి, ఎనిమిది లెక్కపెట్టే వరకు 'స్' అంటూ మెల్లగా వదలాలి. దీన్ని ఐదారు సార్లు చేశాక, పెదవులు మూసి 'మ్' అంటూ ఒకే స్వరం మీద అందరూ నిలవాలి. ఎవరి ఊపిరి అయిపోతే వారు ఆగి మళ్లీ అందుకుంటారు. అందరూ ఒకేసారి ఆగరు కాబట్టి ధ్వని తెగదు. ఒక్కరు ఆగినా పాట ఆగదని మాటల్లో చెప్పకుండానే ఈ చిన్న సాధన అందరికీ చూపిస్తుంది. అందుకే దీన్ని ఏ సమావేశంలోనూ వదలకూడదు.

ఆ తర్వాత అందరికీ తెలిసిన పాట ఒకటి పాడాలి. నేను పాడలేనని చెప్పేవారు తప్పకుండా ఉంటారు. ఆమెను బలవంతపెట్టకుండా, చప్పట్లతో లయ వేయమనో, చిరుతలు (చేత్తో వాయించే చెక్క తాళాలు) పట్టుకోమనో చెప్పాలి. రెండు మూడు వారాల్లో ఆమే అందుకుంటుంది. ఎవరి శ్రుతి తప్పిందో ఎత్తి చూపే అలవాటు ఉన్నవారిని నాయకత్వానికి దూరంగా ఉంచాలి, వారు ఎంత బాగా పాడేవారైనా సరే. చాయ్ తాగుతూ మాట్లాడుకోవడానికి ఇరవై నిమిషాలు విడిచి, చివరికి ఒక పాటతో ముగించాలి. ఆ ముగింపు పాట ప్రతిసారీ అదే అయితే, మధ్యలో మాటలు ఎంత బరువెక్కినా, ఇళ్లకు వెళ్లే ముందు అందరూ తెలిసిన చోటికి చేరుకుంటారు.

పాటల ఎంపిక, శ్రుతి

బతుకమ్మ పాటలతో మొదలుపెట్టడానికి సంగీతపరమైన కారణం ఉంది. ఆ వరుసలు చాలావరకు నాలుగైదు స్వరాల పరిధిలోనే తిరుగుతాయి, కాబట్టి ఏ గొంతుకూ శ్రమ ఉండదు. సినిమా పాటలు ఇష్టంగా అడుగుతారు, పాడుకోవచ్చు కూడా. అయితే యూట్యూబ్‌లో దొరికే కరోకే ట్రాకులు గాయని పాడిన అసలు శ్రుతిలోనే ఉంటాయి, అది మామూలు గొంతులకు చాలా ఎత్తు. ట్రాకు లేకుండా, ఫోనులోని తంబూర యాప్‌ను ఐదు కట్టె (శ్రుతి ఎత్తును చెప్పే కొలత) దగ్గర పెట్టి, పాటలోని అన్నిటికంటే కింది స్వరాన్నీ పై స్వరాన్నీ అందరితో పలికించి చూసి, పై స్వరం దగ్గర అరుపు వస్తుంటే అర కట్టె చొప్పున తగ్గించుకోవాలి. వాద్యాలుగా తాళాలు, చిరుతలు చాలు, డోలక్ వాయించగలిగినవారు ఉంటే మరీ మంచిది. వరంగల్‌లోని ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల విద్యార్థినులలో ఒకరు అప్పుడప్పుడు వచ్చి శ్రుతి సర్దిపెడితే మేలు జరుగుతుంది కానీ, బృందాన్ని తరగతిగా మార్చేయనివ్వకూడదు.

దేశభక్తి గీతాల గురించి ఒక మాట. బయటివారు సైనికుల భార్యలనగానే అవే పాడమని అడుగుతారు. వాటిలో ప్రాణత్యాగాన్ని పొగిడే చరణాలు ఎక్కువ. భర్త సరిహద్దులో ఉండగా ఆ చరణాన్ని నవ్వు ముఖంతో పాడమనడం భార్యకు చాలా కష్టమైన పని. వేదిక మీద ఎవరు ఏమి కోరినా, బృందంలో మాత్రం ఏ పాటనైనా వద్దనే హక్కు ప్రతి ఒక్కరికీ, కారణం చెప్పనవసరం లేకుండా, ఉండాలి.

సొంత పాట కట్టుకోవడం

మూడు నాలుగు నెలలు గడిచాక బృందం తన సొంత పాట కట్టుకోవచ్చు. బ్రిటన్‌లోని చివెనోర్ స్థావరంలో 2011లో గారెత్ మలోన్ నడిపిన సైనిక భార్యల బృందం చేసిన పని ఇదే. భార్యాభర్తలు రాసుకున్న ఉత్తరాల నుంచి తీసుకున్న మాటలకు పాల్ మీలర్ స్వరం కట్టగా, ఆ పాట ఆ ఏడాది క్రిస్మస్ వారంలో బ్రిటన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. ఆ తర్వాత అలాంటి బృందాలు అక్కడి అనేక సైనిక స్థావరాల్లో ఏర్పడ్డాయి. మనకు స్వరకర్త అవసరం లేదు, 'ఉయ్యాలో' అంటూ సాగే బతుకమ్మ పాట వరుస సిద్ధంగా ఉంది.

పద్ధతి ఇలా ఉంటుంది. ప్రతి ఒక్కరూ తమ జీవితంలోని ఒక చిన్న సంగతిని ఒక్క వాక్యంలో చెప్పాలి లేదా చీటీ మీద పేరు లేకుండా రాయాలి. దాన్ని సుమారు పది మాత్రల (పొట్టి అక్షరం పలికే కాలం ఒక మాత్ర) ముక్కలుగా విరవాలి, అంటే మూడు నాలుగు మాటలకు మించకూడదు. పక్కపక్కన వచ్చే రెండు ముక్కలకు మొదటి అక్షరమో రెండో అక్షరమో కలిస్తే నోటికి సులువుగా పడుతుంది. ఉదాహరణకు:

పెట్టె సదిరిన నాడు ఉయ్యాలో
పెదవి కదలకపాయె ఉయ్యాలో
బండి కూసిన యాల్ల ఉయ్యాలో
గుండె దడదడలాడె ఉయ్యాలో
బిడ్డ అడిగిన మాట ఉయ్యాలో
బదులు దొరకకపాయె ఉయ్యాలో

అందరూ 'ఉయ్యాలో' అంటున్న ఆ క్షణంలో, ఎత్తుకునేవారికి తర్వాతి ముక్కను తలచుకునే సమయం దొరుకుతుంది. చదువు రాని ఆడవారు వందల చరణాలను అక్కడికక్కడే కట్టగలిగింది ఈ వెసులుబాటు వల్లనే. చీటీలో రాసిన సంగతి ఎవరిదో అడగవద్దు. తన మాట అందరి నోటా వినిపించినప్పుడు రాసినామెకు కలిగే ఊరట, అది ఎవరిదో తెలియకపోయినంత మాత్రాన తగ్గదు. అత్తింటి మీద కోపం, డబ్బు ఇబ్బందులు, భర్త సెలవులో వచ్చి కూడా తనతో మాట్లాడకపోవడం వంటి సంగతులు వస్తాయి. వాటినీ పాటలోకి రానివ్వాలి. ఊళ్ల పేర్లు, సరిహద్దు పేర్లు, తేదీలు మాత్రం చరణాల్లో ఉండకూడదు.

భర్తను కోల్పోయినవారు

ఈ విషయంలో మెత్తగా మాట్లాడటం నాకు ఇష్టం లేదు. భర్త పోయిన ఆడవారిని శుభకార్యాల్లో పక్కన నిలబెట్టే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. వీరనారి అని వేదిక మీద శాలువా కప్పినవారే బతుకమ్మ దగ్గర ఆమెకు పసుపు, కుంకుమ ఇవ్వడానికి తటపటాయిస్తారు. సైనికుల భార్యల బృందంలో అలా జరిగితే, అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరికీ రేపు తన గతి ఏమిటో కళ్లముందు చూపించినట్టే అవుతుంది. కాబట్టి నియమం మొదటి రోజే తేల్చుకోవాలి: బొట్టు, పసుపు ఇచ్చే ఆచారం పెట్టుకుంటే అందరికీ ఇవ్వాలి, లేకపోతే ఆ ఆచారమే పెట్టుకోకూడదు. ఎంగిలిపూల రోజు వేయిస్తంభాల గుడి దగ్గరకో, సద్దుల రోజు పద్మాక్షి గుట్ట దగ్గరకో బృందంగా వెళ్తే, ఆమె కూడా వలయంలోనే ఆడాలి, కోరుకుంటే పాట ఎత్తుకోవాలి. ఎవరైనా అభ్యంతరం చెబితే బృందమంతా ఆమె పక్షాన నిలబడి, అవసరమైతే వేరే చోట ఆడుకోవాలి.

బృందంలోని ఒక ఇంట్లో చావు కబురు వస్తే, ఆ వారం సాధన మానుకుని అందరూ వెళ్లి ఆమె పక్కన కూర్చోవాలి. అడగకుండా అక్కడ పాడవద్దు. అంత్యక్రియలప్పుడు వచ్చే జనం పదకొండో రోజుకు పలచబడతారు, నెల తిరిగేసరికి ఎవరూ ఉండరు. బృందం పని అప్పుడు మొదలవుతుంది: వారానికి ఒకరు వంతుగా వెళ్లడం, పింఛను కాగితాల కోసం కార్యాలయానికి తోడు వెళ్లడం, ఎప్పుడు వచ్చినా చోటు ఉందని తెలియజేయడం.

ఫోను, వార్తలు, గోప్యత

సాధన సమయంలో ఫోన్లు ఆపమని చెప్పకూడదు. కొండల్లో సిగ్నలు దొరికిన నిమిషంలోనే ఆయన ఫోను చేస్తాడు, ఆ ఒక్క ఫోను తప్పితే మళ్లీ నాలుగు రోజులు పట్టవచ్చు. ఫోను మోగితే ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా లేచి వెళ్లవచ్చన్నది నియమంగా పెట్టుకోవాలి.

భద్రత విషయంలో మాత్రం ఏ సడలింపూ వద్దు. 2020 జూలైలో సైన్యం తన సిబ్బందిని ఫేస్‌బుక్‌తో సహా 89 యాప్‌లను తొలగించుకోమని ఆదేశించింది. కుటుంబాల ద్వారా బయటపడే సమాచారం కూడా అంతే ప్రమాదకరం. యూనిట్ పేరు, చోటు, సెలవు తేదీలు, యూనిఫాం ఫొటోలు బృందం వాట్సాప్ గ్రూపులో ఉండకూడదు. తెలియనివారు సైనిక కార్యాలయం నుంచి అంటూ వివరాలు అడిగితే ఇవ్వకూడదు.

2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో టీవీ ఛానళ్లలోనూ ఫార్వర్డు సందేశాల్లోనూ ధ్రువపడని వార్తలు ఎన్ని వచ్చాయో అందరికీ గుర్తుండే ఉంటుంది. అలాంటి రోజుల్లో రెండు పద్ధతులు పాటించాలి. ఒకటి, ప్రాణనష్టం గురించిన ఏ సందేశాన్నీ, పేరు ఉన్నా లేకపోయినా, ముందుకు పంపకూడదు. నిజమైన కబురు యూనిట్ నుంచి ఆ ఇంటికే ముందు చేరాలి. రెండు, వీలైతే రోజూ ఒక గంట కలవాలి. కలవలేకపోతే ఫోనులోనైనా కలుసుకోవచ్చు కానీ, నెట్‌లో మాట ఆలస్యంగా చేరుతుంది కాబట్టి అందరూ ఒకేసారి పాడితే లయ చెదిరిపోతుంది. ఎత్తుకునేవారి మైకు మాత్రమే తెరిచి ఉంచి, మిగతావారు తమ మైకులు మూసి ఇంట్లోనే అందుకోవాలి.

పాట తీర్చలేని బాధలూ ఉంటాయి. రెండు వారాలకు పైగా నిద్ర, తిండి లేకపోవడం, పిల్లలను పట్టించుకోలేకపోవడం, చావు గురించి మాట్లాడటం కనిపిస్తే పక్కన కూర్చుని టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేయించాలి. అక్కడ తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనవసరం లేదు. ఇంట్లో హింస జరుగుతుంటే మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది. ఈ రెండు నంబర్లూ పాటల పుస్తకం మొదటి పేజీలో రాసి ఉండాలి.

వేదికలు

జూలై 26న కార్గిల్ విజయ దినం, డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం వచ్చేసరికి పాడమని పిలుపులు వస్తాయి. మొదటి ఏడాది అన్నిటికీ వద్దని చెప్పండి. వేదిక ఒప్పుకున్న మరుక్షణం నుంచి గొంతు బాగున్నవారు ముందుకు, బాగులేనివారు వెనక్కి వెళ్లడం మొదలవుతుంది. తర్వాత వెళ్లినా, రావాలనుకున్న ప్రతి ఒక్కరినీ తీసుకెళ్లాలి. టికెట్టు లేని సభలో ఔత్సాహిక బృందం పాడటానికి 1957 నాటి కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది కానీ, ఇతరుల పాటను రికార్డు చేసి నెట్‌లో పెట్టడానికి ఆ మినహాయింపు వర్తించదు.

బదిలీలు, అప్పగింత

భర్తకు పీస్ స్టేషన్ పోస్టింగు, అంటే కుటుంబంతో ఉండగలిగే చోట పని, వస్తే భార్యాపిల్లలు వెంట వెళ్తారు. పాఠశాలలు ముగిసే ఏప్రిల్, మే నెలల్లో బృందం ఒక్కసారిగా సగానికి తగ్గవచ్చు. అందుకే పాట ఎత్తుకోవడం, తాళం చెవులు ఉంచుకోవడం, కొత్తవారి ఇంటికి వెళ్లడం వంటి పనులకు ఎప్పుడూ ఇద్దరేసి ఉండాలి, ఆరు నెలలకు ఒకసారి మారాలి. పాటల పుస్తకం బృందానిదై ఉండాలి. ప్రతి పాట కింద అది ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ కట్టెలో పాడుతున్నారో రాసి, వరుసను ఫోనులో రికార్డు చేసి ఉంచాలి. వెళ్లిపోయేవారికి ఆ రికార్డులు ఇచ్చి పంపితే, కొత్త స్టేషన్‌లో తెలుగువారు నలుగురు కనిపించినా మరో బృందానికి అవి సరిపోతాయి.

భర్త సెలవులో వచ్చినప్పుడు భార్య కొన్ని వారాలు రాదు, రమ్మని అడగవద్దు. ఆయన తిరిగి వెళ్లిన మరుసటి వారం మాత్రం ఎవరో ఒకరు ఆమె ఇంటికి వెళ్లి వెంట తీసుకురావాలి. ఈ పనికి ఎవరు వెళ్లాలో ఆ నెల మొదట్లోనే పుస్తకంలో రాసి పెట్టుకోండి.